హెడ్‌సెట్ పెడితే హెడ్‌సెట్‌లోకి, తీస్తే స్పీకర్లోకి: ల్యాప్‌టాప్‌కి ఒక్కసారి వరస నేర్పండి

నేను రాజమండ్రిలో కర్ణాటక సంగీతం చెబుతాను. పొద్దున్న అయిదున్నరకి డల్లాస్ పిల్లల ఆన్‌లైన్ క్లాసు. అక్కడ వాళ్ళకి అది ముందురోజు రాత్రి ఏడు గంటలు, నవంబర్లో వాళ్ళ గడియారం వెనక్కి జరిగాక ఆరు. మా ఇంట్లో అప్పటికి ఇంకా ఎవరూ లేవరు కనుక పిల్లల గొంతు నా హెడ్‌సెట్‌లోనే వినపడాలి. ఎనిమిదింటికి చుట్టుపక్కల పిల్లలు వచ్చి చాప మీద కూచుంటారు. అప్పుడు హెడ్‌సెట్ తీసేస్తాను, తంబూర శ్రుతి బ్లూటూత్ స్పీకర్లో మోగాలి. రాత్రి అదే ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో హాల్లో టీవీకి తగిలించి మావారు పాత కచేరీలు చూస్తారు. ఇన్ని మార్పులకీ ప్రతిసారీ కింద మూల సౌండ్ బొమ్మ నొక్కి, లిస్టు తెరిచి, ఏది ఏదో పోల్చుకుని ఎంచుకోవాలంటే క్లాసు సాగదు. చిన్నపిల్లలకి ధ్యాస ఒకసారి చెదిరితే మళ్ళీ కుదురుకోవడానికి చాలాసేపు పడుతుంది.

ఇదంతా దానంతట అదే జరిగేలా చేసుకోవచ్చు. ఏ సాఫ్ట్‌వేరూ కొననక్కర్లేదు. నా దగ్గరున్నది విండోస్ 11, మా చెల్లెలి దగ్గర 10. రెండిటిలోనూ పద్ధతి ఒకటే.

అసలు అది ఎలా నిర్ణయిస్తుంది

కంప్యూటర్ తన ఇష్టం వచ్చినట్టు మార్చేస్తోందని చాలామంది విసుక్కుంటారు. నిజానికి అది మన మాటే వింటోంది. మనం ఏ డివైస్‌ని ఎప్పుడు డిఫాల్ట్‌గా, అంటే వేరే చెప్పకపోతే సౌండ్ వెళ్ళాల్సిన చోటుగా, ఎంచుకున్నామో విండోస్ రాసి పెట్టుకుంటుంది. ప్రస్తుతం తగిలించి ఉన్నవాటిలో అన్నిటికంటే ఆలస్యంగా ఎంచుకున్నది ఏదో చూసి దానికి సౌండ్ పంపుతుంది. అది ఊడిపోతే దానికి ముందు ఎంచుకున్నదాని దగ్గరికి దిగుతుంది. మళ్ళీ తగిలిస్తే మళ్ళీ దాని దగ్గరికే వెళుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఊరెళితే తర్వాతివాళ్ళు తాళాలు తీసుకుని, వాళ్ళు రాగానే తిరిగి ఇచ్చేసినట్టు.

కాబట్టి చెయ్యాల్సిన పని ఇంతే: మీ డివైస్‌లన్నీ ఒకేసారి తగిలించి ఉంచి, అన్నిటికంటే కింద ఉండాల్సినదాన్ని మొదట, అన్నిటికంటే పైన ఉండాల్సినదాన్ని చివర ఎంచుకోండి. ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముఖ్యమైనదని హెడ్‌సెట్‌ని ముందు ఎంచుకుని, తర్వాత మిగతావి సరిచూసుకుంటూ పోతారు. దాంతో చివర ముట్టుకున్న ల్యాప్‌టాప్ స్పీకరే అన్నిటికీ పైన కూచుంటుంది. అది ఎప్పుడూ ఊడనిది కనుక ఇక వేరే దేనికీ సౌండ్ వెళ్ళదు.

ముందు కాగితం మీద

మీ వరస మీరే రాసుకోండి. నాది పైనుంచి కిందికి ఇలా ఉంటుంది: యూఎస్‌బీ హెడ్‌సెట్, బ్లూటూత్ స్పీకర్, హాలు టీవీ, ల్యాప్‌టాప్ స్పీకర్. హెడ్‌సెట్ పెట్టుకున్నానంటే క్లాసులో ఉన్నానని అర్థం, కాబట్టి ఆ సమయంలో ఎవరైనా టీవీ కేబుల్ తగిలించినా సౌండ్ అటు పోకూడదు. ఎప్పుడూ ల్యాప్‌టాప్‌లోనే ఉండే స్పీకర్ అట్టడుగున ఉండాలి. దాని కింద ఏది పెట్టినా అది తనంతట తాను ఎప్పటికీ మోగదు. ఆ సంగతిని టీవీ దగ్గర మనం కావాలనే వాడుకోవచ్చు, దాని గురించి కింద చెబుతాను.

పేర్లు మార్చండి

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్, కిందికి వెళితే ‘మోర్ సౌండ్ సెట్టింగ్స్’ అని ఉంటుంది. విండోస్ 10లో అదే పేజీలో ‘సౌండ్ కంట్రోల్ ప్యానెల్’ అని పక్కనో కిందో కనిపిస్తుంది. నొక్కితే పాతకాలపు చిన్న కిటికీ తెరుచుకుంటుంది. నాకు కొత్త పేజీ కంటే ఇదే ఇష్టం, అన్నీ ఒకచోట కనబడతాయి. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో మీ డివైస్‌లన్నీ వరసగా ఉంటాయి.

ఆ పేర్లు చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. ‘స్పీకర్స్’ అని రెండుసార్లు, బ్రాకెట్లో ఒకదానికి రియల్‌టెక్ అని (సాధారణంగా అది ల్యాప్‌టాప్ సొంత స్పీకర్), ఇంకోదానికి యూఎస్‌బీ ఆడియో డివైస్ అని. టీవీ అయితే ఇంటెల్ డిస్‌ప్లే ఆడియో అనో ఎన్‌విడియా హై డెఫినిషన్ ఆడియో అనో ఉంటుంది. ఒక్కొక్కదాని మీద డబుల్ క్లిక్ చెయ్యండి. జనరల్ ట్యాబ్‌లో పైనే పేరు రాసే గడి ఉంటుంది. తెలుగులో టైప్ చేసినా తీసుకుంటుంది. నావి ‘క్లాసు హెడ్‌సెట్’, ‘శ్రుతి స్పీకర్’, ‘హాలు టీవీ’, ‘ల్యాప్‌టాప్’. మావారికి గానీ, క్లాసు మధ్యలో సాయం చేసే పిల్లలకి గానీ ఇక ఏదీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ పని దయచేసి దాటెయ్యకండి, తర్వాత పడే చిక్కుల్లో సగం దీనితోనే పోతాయి.

ఒకవేళ ఏదైనా కనిపించకపోతే ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేసి ‘షో డిసేబుల్డ్ డివైసెస్’, ‘షో డిస్‌కనెక్టెడ్ డివైసెస్’ రెండిటికీ టిక్కు పెట్టండి.

వరస నేర్పడం

హెడ్‌సెట్ గుచ్చండి, బ్లూటూత్ స్పీకర్ ఆన్ చేసి కనెక్ట్ అయిందో లేదో చూడండి, టీవీ ఆన్ చేసి కేబుల్ పెట్టండి. నాలుగూ ఒకేసారి బతికి ఉండాలి. తగిలించనిదాన్ని డిఫాల్ట్ చెయ్యనివ్వదు.

ఇప్పుడు అదే ప్లేబ్యాక్ ట్యాబ్‌లో ల్యాప్‌టాప్‌ని ఒకసారి నొక్కి, కింద ‘సెట్ డిఫాల్ట్’ బటన్ నొక్కండి. అది ఇప్పటికే డిఫాల్ట్‌గా ఉంటే బటన్ నొక్కుడు పడదు, ముందు ఇంకోదాన్ని డిఫాల్ట్ చేసి మళ్ళీ దీని దగ్గరికి రండి. తర్వాత టీవీ, సెట్ డిఫాల్ట్. తర్వాత స్పీకర్, సెట్ డిఫాల్ట్. చివరగా హెడ్‌సెట్. ఆకుపచ్చ టిక్కు ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోవడం కనబడుతుంది.

కిటికీ మూయకుండా ఒక పాట పెట్టి పరీక్షించండి. హెడ్‌సెట్ లాగండి, స్పీకర్లోకి పోవాలి. స్పీకర్ ఆపండి, టీవీలోకి. కేబుల్ తీయండి, ల్యాప్‌టాప్‌లోకి. ఇప్పుడు కింద నుంచి పైకి ఒక్కొక్కటీ తిరిగి తగిలించండి. ప్రతి మెట్టులోనూ టిక్కు పైకి ఎక్కితే పని అయినట్టే.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. టాస్క్‌బార్‌లో సౌండ్ బొమ్మ దగ్గర మీరు ఎంచుకున్నా విండోస్ దాన్ని మీ చివరి మాటగానే లెక్కిస్తుంది. హెడ్‌సెట్ తగిలి ఉండగా ఎవరైనా అక్కడ ‘హాలు టీవీ’ నొక్కితే ఇక టీవీ హెడ్‌సెట్ పైకి వెళ్ళిపోతుంది. భయపడనక్కర్లేదు, ‘క్లాసు హెడ్‌సెట్’ని ఒకసారి నొక్కితే మళ్ళీ పైకి వస్తుంది. అయితే టీవీ ఇప్పుడు స్పీకర్‌ని కూడా దాటేసి ఉంటుంది, కాబట్టి ముందు స్పీకర్, ఆ తర్వాత హెడ్‌సెట్ నొక్కండి.

మైకుకి వేరే వరస

వినపడే సౌండ్ హెడ్‌సెట్‌లోకి వచ్చినంతమాత్రాన మీ గొంతు హెడ్‌సెట్ మైకు నుంచి పోతోందని కాదు. విండోస్‌కి ఆ రెండూ వేర్వేరు జాబితాలు. అవతల తల్లిదండ్రులు ‘మేడమ్, మీ గొంతు వస్తోంది గానీ రూమంతా గింగురుమంటోంది’ అన్నారంటే మైకు ల్యాప్‌టాప్‌దే ఉండిపోయిందన్నమాట. పక్కనున్న రికార్డింగ్ ట్యాబ్‌కి వెళ్ళి అక్కడా అదే పద్ధతిలో కింద నుంచి పైకి సెట్ డిఫాల్ట్ చెయ్యండి. కొత్తగా వెబ్‌క్యామ్ కొంటే దాని మైకు కూడా ఇక్కడ చేరి, మొదటిసారి తగిలించగానే సాధారణంగా పైకెక్కి కూచుంటుంది. దాని మైకు మీకు అవసరం లేకపోతే రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చెయ్యండి. కెమెరాకి ఏమీ కాదు.

టీవీతో వచ్చే చిక్కు

హెచ్‌డీఎంఐలో బొమ్మా సౌండూ ఒకే తీగలో పోతాయి. అందుకే కేబుల్ తగలగానే ల్యాప్‌టాప్‌కి టీవీ ఒక స్పీకర్‌గా కూడా కనబడుతుంది. కొన్ని టీవీలు రిమోట్‌తో ఆపినా పూర్తిగా ఆగవు, స్టాండ్‌బైలో ఉండి ‘నేనున్నాను’ అని కేబుల్ ద్వారా చెబుతూనే ఉంటాయి. అప్పుడు ల్యాప్‌టాప్ సౌండ్‌ని నల్లగా ఉన్న ఆ టీవీకే పంపుతుంది, మనకి ఎక్కడా ఏమీ వినపడదు. కంప్యూటర్ పాడైందని షాపుకి తీసుకెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు.

మీ టీవీ అలాంటిదైతే రెండు దారులు. వాడనప్పుడు కేబుల్ తీసెయ్యడం ఒకటి. లేదంటే వరసలో టీవీని ల్యాప్‌టాప్ స్పీకర్ కంటే కింద పెట్టడం, అంటే మొదట టీవీని, రెండోసారి ల్యాప్‌టాప్‌ని ఎంచుకోవడం. అప్పుడు టీవీకి సౌండ్ తనంతట తాను పోదు, సినిమా చూసే రోజు మీరే ఎంచుకోవాలి. చూడ్డం అయ్యాక ల్యాప్‌టాప్ నుంచి పైకి వరస మళ్ళీ నొక్కాలి. కేబుల్ తీసే అలవాటున్న ఇంట్లో మొదటిది మేలు, కేబుల్ గోడ వెనక నుంచి పోయిన ఇంట్లో రెండోది.

స్పీకర్లు లేని మానిటర్‌ని డిస్‌ప్లేపోర్ట్ (హెచ్‌డీఎంఐ లాంటిదే ఇంకో తీగ) ద్వారా తగిలించినవాళ్ళకి కూడా కొన్నిసార్లు ఇదే జాబితాలో మానిటర్ పేరు కనబడుతుంది. దానివల్ల ఏ ఉపయోగమూ లేదు, డిసేబుల్ చేసెయ్యండి.

యూఎస్‌బీ: ఎప్పుడూ అదే రంధ్రంలో

ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ నేర్పిన వరస చెడిపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే. తక్కువ ధర హెడ్‌సెట్లలో చాలావాటికి లోపల సీరియల్ నంబర్ ఉండదు. అలాంటిదాన్ని ఎడమవైపు పోర్టులోంచి తీసి కుడివైపు పెడితే విండోస్ అది కొత్త హెడ్‌సెట్ అనుకుంటుంది. జాబితాలో పేరు ముందు 2 అని, ఇంకోచోట పెడితే 3 అని అంకె చేరుతుంది. మీరు పెట్టిన పేరు ఉండదు, నేర్పిన వరసా ఉండదు. నేను ఎడమవైపు వెనక పోర్టు పక్కన చిన్న ఎర్ర బొట్టుబిళ్ళ అంటించాను. హెడ్‌సెట్ అక్కడే పెట్టాలని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మామూలు గుండ్రటి పిన్ను ఇయర్‌ఫోన్ సంగతి వేరు. చాలా ల్యాప్‌టాప్‌లలో అది వేరే డివైస్‌గా కనబడదు. పిన్ను లోపలికి వెళ్ళిన సంగతిని సౌండ్ చిప్పే కనిపెట్టి స్పీకర్ ఆపేస్తుంది, మనం సెట్ చేసేది ఏమీ ఉండదు. అక్కడ చూడాల్సింది పిన్ను పూర్తిగా దిగిందా లేదా అన్నది. సగమే దిగితే పిన్ను మీద కామన్ తీగకి (రెండు చెవులకీ ఉమ్మడిగా ఉండేదానికి) చెందిన కట్టు సరిగా ఆనదు. స్టీరియో రికార్డింగులో రెండు చెవులకీ సమంగా ఉండే గాత్రం అప్పుడు పలచబడి దాదాపు మాయమైపోతుంది, ఒక పక్కకి ఉన్న వాద్యాలు మాత్రం మోగుతాయి. పాట విని గాయకుల గొంతు ఏమైందా అనిపిస్తే ముందు పిన్ను గట్టిగా నొక్కండి.

బ్లూటూత్

విండోస్ 10లో బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఒకటే అయినా జాబితాలో రెండుగా ఉంటుంది, ఒకటి స్టీరియో (వినడానికి), ఒకటి హ్యాండ్స్‌ఫ్రీ (మైకుతో మాట్లాడడానికి). 11లో ఒకటిగా కలిపారు. లోపల మాత్రం రెండూ ఉన్నాయి. ఏదైనా యాప్ ఆ ఇయర్‌ఫోన్ మైకుని తెరిచిన క్షణాన అది హ్యాండ్స్‌ఫ్రీలోకి మారుతుంది, సౌండ్ ఒంటి ఛానెల్ ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది. అందుకే జూమ్ కాల్ మొదలవగానే శ్రుతి రేకు డబ్బాలా వినిపించడం మొదలవుతుంది.

మైకున్న బ్లూటూత్ స్పీకర్‌ని నేను వినడానికి మాత్రమే వాడతాను. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో డివైసెస్, కిందికి వెళితే ‘మోర్ డివైసెస్ అండ్ ప్రింటర్ సెట్టింగ్స్’. స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సర్వీసెస్ ట్యాబ్‌లో ‘హ్యాండ్స్‌ఫ్రీ టెలిఫొనీ’ దగ్గర టిక్కు తీసెయ్యండి. ఇక అది ఎప్పటికీ నాణ్యమైన సౌండ్‌లోనే ఉంటుంది.

స్పీకర్ ఆన్ చేసినా ల్యాప్‌టాప్‌కి తగలకపోతే పక్కనున్న ఫోన్ ముందే పట్టేసుకుందేమో చూడండి. క్లాసు వేళ ఫోన్‌లో బ్లూటూత్ ఆపడం తేలిక. ఇంకో మాట, తాళం వేసే క్లాసుకి బ్లూటూత్ పెట్టుకోకండి. సౌండ్ చెవికి చేరేసరికి మనకి తెలిసేటంత ఆలస్యం అవుతుంది, పిల్లలు లయ తప్పారని అనవసరంగా కోప్పడతాం. తీగ ఉన్నదే మంచిది.

యాప్ మాట వినకపోతే

వరస అంతా సరిగ్గా ఉన్నా జూమ్ మాత్రం మారట్లేదంటే, జూమ్‌లో మీరు ఎప్పుడో ఒక డివైస్‌ని పేరుపెట్టి ఎంచుకుని ఉంటారు. ఆడియో సెట్టింగ్స్‌లో స్పీకర్ దగ్గరా మైక్రోఫోన్ దగ్గరా ‘సేమ్ యాజ్ సిస్టమ్’ ఎంచుకోండి. గూగుల్ మీట్‌లో అయితే పేరు ముందు ‘డిఫాల్ట్’ అని ఉన్నది. విండోస్ స్వయంగా ఏదైనా యాప్‌ని ఒక డివైస్‌కి కట్టేసి ఉంటే సౌండ్ పేజీలో ‘వాల్యూమ్ మిక్సర్’ తెరిచి, కింద ‘రీసెట్’ నొక్కితే కట్లన్నీ విడిపోతాయి.

అదే మిక్సర్ మంచికీ వాడుకోవచ్చు. శనివారం క్లాసులో చాప మీద పిల్లలుంటారు, హైదరాబాద్ నుంచి ఒకమ్మాయి జూమ్‌లో చేరుతుంది. శ్రుతి అందరికీ వినపడాలి, ఆ అమ్మాయి గొంతు నా చెవికి రావాలి. మిక్సర్‌లో తంబూర యాప్ పక్కన బాణం నొక్కి, అవుట్‌పుట్ డివైస్‌గా ‘శ్రుతి స్పీకర్’ ఇచ్చాను. మిగతావన్నీ మామూలు వరసలో హెడ్‌సెట్‌కి వస్తాయి.

కాల్ రాగానే శ్రుతి ఉన్నట్టుండి సన్నబడితే అది స్పీకర్ లోపం కాదు. పాత సౌండ్ కిటికీలో చివర ‘కమ్యూనికేషన్స్’ ట్యాబ్ చూడండి. కాల్ నడుస్తున్నప్పుడు మిగతా సౌండ్లని 80 శాతం తగ్గించమని అక్కడ ముందే పెట్టి ఉంటుంది. ‘డూ నథింగ్’ ఎంచుకోండి. సంగీతం చెప్పేవాళ్ళు జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజిషియన్స్’ కూడా ఆన్ చేసుకోవాలి. లేకపోతే ఆగకుండా మోగే తంబూరని జూమ్ ఫ్యాన్ చప్పుడు కింద జమకట్టి తీసేస్తుంది.

వేరే కంప్యూటర్లున్నవాళ్ళకి

మా మేనల్లుడు లినక్స్ మింట్ వాడతాడు. 2024లో వచ్చిన మింట్ 22 నుంచి సౌండ్ సంగతి పైప్‌వైర్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. అది కూడా మనం ఎంచుకున్న క్రమాన్నే గుర్తు పెట్టుకుంటుంది కనుక సౌండ్ సెట్టింగ్స్‌లో కింద నుంచి పైకి నొక్కే పద్ధతి అక్కడా పనికొస్తుంది. టీవీ సౌండ్ అసలు వద్దనుకుంటే ‘పల్స్‌ఆడియో వాల్యూమ్ కంట్రోల్’ అనే చిన్న ప్రోగ్రామ్‌లో కాన్ఫిగరేషన్ ట్యాబ్‌కి వెళ్ళి హెచ్‌డీఎంఐ కార్డు ప్రొఫైల్‌ని ‘ఆఫ్’ చెయ్యాలి.

డల్లాస్‌లో కొందరి ఇళ్ళలో మ్యాక్ ఉంది. అక్కడ ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, క్లాసు మధ్యలో ఇంకెవరి చెవిలోనో ఉన్న ఎయిర్‌పాడ్స్ (యాపిల్ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు) మ్యాక్‌కి తగులుకోవడం. బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఎయిర్‌పాడ్స్ పక్కనున్న ఐ గుర్తు నొక్కి, ‘కనెక్ట్ టు దిస్ మ్యాక్’ దగ్గర ‘ఆటోమేటికల్లీ’ తీసేసి ‘వెన్ లాస్ట్ కనెక్టెడ్ టు దిస్ మ్యాక్’ పెట్టండి.

చేత్తో మార్చాల్సి వస్తే

ఎంత నేర్పినా ఎప్పుడో ఒకసారి మనమే మార్చాలి. విండోస్ 11లో విండోస్ గుర్తున్న కీ, కంట్రోల్, వీ మూడూ కలిపి నొక్కితే డివైస్‌ల జాబితా నేరుగా తెరుచుకుంటుంది. విండోస్ 10 ఉన్నవాళ్ళు సౌండ్‌స్విచ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోవచ్చు. మీరు టిక్కు పెట్టిన డివైస్‌ల మధ్య ఒక్క షార్ట్‌కట్‌తో మారుస్తూ పోతుంది. పాడుతూ పాడుతూనే నొక్కేయొచ్చు.

సౌండ్ డ్రైవర్ (సౌండ్ చిప్‌ని నడిపే ప్రోగ్రామ్) కొత్తది పడినప్పుడు, విండోస్ పెద్ద అప్‌డేట్ అయినప్పుడు డివైస్‌లు కొత్తగా నమోదై పేర్లూ వరసా పోవచ్చు. అందుకే వరస రాసిన కాగితాన్ని ల్యాప్‌టాప్ అడుగున అంటించి ఉంచాను. అప్‌డేట్ పడిన సాయంత్రమే నాలుగూ తగిలించి, ఒక పాట పెట్టి, పైనుంచి ఒక్కొక్కటీ లాగి చూడండి. తేడా వస్తే మళ్ళీ ల్యాప్‌టాప్ స్పీకర్ దగ్గర మొదలుపెట్టి హెడ్‌సెట్ దాకా నొక్కుకుంటూ రండి. రికార్డింగ్ ట్యాబ్‌లో కూడా.